మెడనుండి అంచుదాక

ఢిల్లీ నగరపు దక్షిణభాగమున, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి సమీపమున, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ఆవరణకు చేరువగా బేర్ సరాయ్ అను పల్లె కలదు. పల్లె యని పేరేకాని పొలములు లేవు. నగరము పెరిగి పెరిగి పల్లెను మ్రింగగా ఇండ్లు మేడలైనవి, మేడలు అద్దెగదులైనవి, గదులు విద్యార్థులతో నిండినవి. హిందీలో బేర్ అనగా రేగు. సరాయ్ అనగా బాటసారుల బస. చుట్టుపట్లనే జియా సరాయ్, కట్వారియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్ అని ఎన్నో సరాయ్‌లున్నవి. బాటసారుల కాలము పోయి విద్యార్థుల కాలము వచ్చినను బసకు మాత్రము కొరత లేదు. పోటీపరీక్షల పుస్తకములును, నకలుతీసిన పాఠపు కాగితములును అమ్ము అంగళ్ళ నడుమ ఏటేట తెలుగు మాటయు వినబడుచుండును.

రేగు అనగానే తెలుగువారికి భోగిపండ్లు జ్ఞప్తికి వచ్చును. తెలుగునాట పిల్లల తలపై రేగుపండ్లు పోయు ఆ దినములలోనే ఢిల్లీలో చలి ముదిరియుండును. పొగమంచు ప్రొద్దెక్కినను విడువదు. రాత్రివేళ ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలకు దిగుట అక్కడ వింత కాదు. గోదావరి తీరమునుండియో, పాలమూరునుండియో చదువునకై వచ్చిన పిల్లవానికి మొదటి చలికాలముననే ఒక సంగతి తెలియును. తాను పెట్టెలో తెచ్చుకొన్న బట్టలన్నియు ఎండకాలము నెరిగి కుట్టినవి. అప్పుడే స్వెట్టరు మాట వచ్చును. లోపల రెండు చొక్కాలు పట్టునంత వదులుగా, ముందుభాగమున జడలవలె పెనవేసిన అల్లికతో ఉండు స్వెట్టరుపై ఈ శతాబ్దిలో యువకులకు మరల మోజు కలిగినది. దానిని మెడవద్ద మొదలిడి అంచువైపు అల్లుకొనుచు దిగు పద్ధతియు దానితోపాటే వ్యాప్తికి వచ్చినది. చూచుటకు ఇది ఒక చలిబట్ట మాత్రమే. కాని దాని వెనుక ఎనిమిది తొమ్మిది వందల యేండ్ల చరిత్ర యున్నది. ఆ చరిత్రలో ఎవరి చేతిపనికి వెల కట్టబడినది, ఎవరి పని తీరిక వేళ కాలక్షేపమని త్రోసివేయబడినది అను వివాదము నేటికిని తేలలేదు.

తెలుగువారికి ఉన్ని తెలియదనుట పొరపాటు. తెలంగాణమున కురుమలు దక్కనీ గొఱ్ఱెల నల్లని ఉన్నిని వడికి, చింతగింజల గంజి పట్టించి, మగ్గముపై గొంగడి నేయుచు వచ్చిరి. గొంగడికి మెడ లేదు, చేతులు లేవు, కొలతయు లేదు. ముసుగుగా వేసికొన్నచో వాన నాపును. పరచినచో పడక యగును. తండ్రి కప్పుకొన్నదే కొడుకు కప్పుకొనవచ్చును. కంబళిలో తినుచు వెంట్రుకలు ఏరుట యను సామెత పుట్టిన ఇంట ఉన్నికి చుట్టరికము లేదని ఎవరనగలరు? అయితే గొంగడి నేత, స్వెట్టరు అల్లిక. ఈ రెంటికిని మూలముననే భేదమున్నది. నేతకు పడుగు, పేక యని రెండు వరుసల నూలు కావలెను, మగ్గము కావలెను. అల్లికకు పోగు ఒక్కటే. ఒక ఉచ్చులోనుండి మరియొక ఉచ్చును లాగి, దానినుండి వేరొకదానిని లాగుచు పోవుటయే పని. అందుచేతనే అల్లినబట్ట అన్ని దిక్కులకు సాగును. అందుచేతనే కొస దొరికి లాగినచో అంతయు విడిపోయి మరల పోగైపోవును. ఢిల్లీ స్త్రీలు ఈ ఉచ్చును ఫందా యందురు. ఉరిత్రాటికిని అక్కడ అదే మాట. అల్లికసూదిని సలాయీ యందురు. అది మన సంస్కృతపు శలాకయే.

ఈ విద్య పుట్టుక చలిదేశమున కాదు. ఇంతవరకు దొరికినవానిలో నిజమైన రెండుసూదుల అల్లికకు ప్రాచీనమైన ఆనవాళ్ళు ఈజిప్టుకు చెందినవి. క్రీ.శ. 11వ శతాబ్దికిని 14వ శతాబ్దికిని నడుమ అక్కడ నీలి తెలుపు నూలుతో అల్లిన మేజోళ్ళు ముక్కలు ముక్కలుగా లభించినవి. వానికన్న పాతవైన ఎఱ్ఱ ఉన్ని మేజోళ్ళు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఉన్నవి. బొటనవ్రేలికి వేరుగా పాయ వదలిన ఆ మేజోళ్ళు ఒంటిసూదితో ముడిచినవేకాని అల్లినవి కావని పరిశోధకులు తేల్చిరి. ఎడారిదేశమున పుట్టిన పనితనము మధ్యధరాసముద్రము దాటి ఐరోపాకు పోయి, అక్కడ ఉన్నిని చేపట్టినది. 14వ శతాబ్దినాటికి చిత్రకారులు మేరీమాతను అల్లిక పనిలో ఉన్నట్లు చిత్రింపసాగిరి. హాంబుర్గు కళాశాలలోనున్న బుక్స్‌టెహూడె పూజాపీఠపు చిత్రమున ఆమె నాలుగు సూదులతో ఒక చిన్న చొక్కాకు మెడ అల్లుచుండును. ప్రక్కన బాలుడు గడ్డిమీద పరుండియుండును. క్రీస్తు తొడిగిన చొక్కా కుట్టులేనిదనియు, పైనుండి క్రిందివరకు ఒక్కటిగా నేయబడినదనియు యోహాను సువార్త చెప్పుచున్నది. ఆ చిత్రకారునికి ఈ మాట తప్పక మనసులో మెదలియుండును. కుట్టులేని వస్త్రము పవిత్రమను భావము మనకును క్రొత్త కాదు. కత్తెర తగులని ధోవతి, చీర పూజకు పనికివచ్చుట మన ఇండ్లలో నేటికిని ఉన్నదే.

1589లో విలియం లీ యను ఆంగ్లేయుడు మేజోళ్ళు అల్లు యంత్రమును కల్పించెను. చేతి అల్లికపై బ్రదుకు బీదల జీవనము పోవునని ఎలిజబెత్తు రాణి అతనికి హక్కుపత్రము నిరాకరించెనని ప్రతీతి. రాణి వలదన్నను యంత్రము ఆగలేదు. దాని సంగతి లూధియానాతో మరల వచ్చును. మరి స్వెట్టరు పేర్ల సంగతి యుద్ధమునుండి వచ్చినది. వాటర్లూ యుద్ధమున 1815లో కుడిచేయి పోగొట్టుకొన్న సేనాని తరువాత రాగ్లన్ ప్రభువైనాడు. మెడనుండి చంకవరకు ఏటవాలుగా దిగు చేతికూర్పునకు అతని పేరు నిలిచినది. అతడు క్రిమియా యుద్ధమున ఆంగ్లసైన్యములకు నాయకుడు. అదే యుద్ధమున 1854లో బాలక్లావావద్ద అశ్వదళమును ఫిరంగుల నోటికి నడిపినవాడు కార్డిగన్ ప్రభువు. ముందు గుండీలు పెట్టిన స్వెట్టరు అతనిపేరిది. తలనుండి మెడవరకు మూయు ఊలుటోపీకి ఆ యూరిపేరే వచ్చినది. మనదేశమున దానిని మంకీటోపీ యనిరి. ఒక్క యుద్ధము, వేలకొలది మరణములు, మూడు చలిబట్టల పేర్లు. సైనికులకు ఊలుబట్టలు అల్లి పంపిన స్త్రీల పేర్లలో ఒక్కటియు ఏ వస్త్రమునకును అంటలేదు.

భారతదేశమునకు అల్లిక ఐరోపావారితో వచ్చినది. 19వ శతాబ్దిలో మిషనరీ స్త్రీలు బాలికల పాఠశాలలలో సూదిపని నేర్పిరి. ఉత్తరమున చలి యుండుటచే ఊలు అల్లిక నిలిచినది. చలిలేని తెలుగుతీరమున అదేచేతి మరియొక విద్య వేరూనినది. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్త్రీలు కొక్కెపుసూదితో తెల్లని నూలు లేసు అల్లసాగిరి. ఆ లేసు సముద్రములు దాటి పోయినది. వర్తకులు మేడలు కట్టిరి. 1982లో మరియా మీస్ అను జర్మను విదుషి ఈ నరసాపురపు లేసుపనివారిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె వ్రాసినదానిలో ముఖ్యమైన సంగతి ఇది: దినమునకు ఎన్నో గంటలు పనిచేయు ఆ స్త్రీలను అందరును గృహిణులనియే పిలిచిరి; వారి పనిని తీరిక వేళల పనియనిరి. తీరికలో చేసినదానికి కూలి అడుగుట ఎట్లు? పేరు ఒకటి పెట్టుటచేతనే వెల పడిపోయినది. లేసు అల్లినవారు వర్తకులుకాలేదు, కార్మికులునుకాలేదు. నరసాపురమును ఢిల్లీని కలుపు దారము ఇచ్చట నున్నది. అక్కడ పనికి కూలి యుండెను, అది చాల తక్కువ. ఢిల్లీలో కూలియే లేదు, దానిని ప్రేమయనిరి.

ఢిల్లీ అల్లికకు 1947 తరువాతి దశాబ్దములు మంచికాలము. దేశవిభజనమున పడమటి పంజాబునుండి తరలివచ్చిన కుటుంబములు నగరమున నిండినవి. వారి స్త్రీలతో సలాయీలును వచ్చినవి. చలికాలపు మధ్యాహ్నము ఎండ తగులు చోటెల్ల, మిద్దెలపైని, ఇంటిముందు నులకమంచములపైని, ప్రభుత్వ కార్యాలయముల పచ్చికలపైని, సూదుల చప్పుడు వినబడుచుండెను. బస్సుకై నిలిచిన స్త్రీ చంకలోని సంచినుండి ఊలుండ బయటికి తీసి రెండు వరుసలు ముగించుట అందరు ఎరిగిన దృశ్యము. మాటలాడుచుండగనే చేతులు పనిచేయును. లెక్క తప్పినప్పుడు మాత్రము మాట ఆగును. హిందీ స్త్రీల పత్రికలు చలికాలము రాగానే అల్లిక ప్రత్యేకసంచికలు వెలువరించుచుండెను. చదువురాని వృద్ధురాలికి అవి అక్కరలేదు. పొరుగింటి పిల్లవాని వీపుమీది నమూనాను నిలువబెట్టి చూచి వ్రేళ్ళతో లెక్కించుకొని ఇంటికి పోయి అల్లగలదు. 1962లో చైనాతో యుద్ధము వచ్చి, హిమాలయపు సరిహద్దున మన సైనికులకు చలిబట్టలు చాలవని తెలిసినప్పుడు దేశమందంతట స్త్రీలు, పాఠశాల బాలికలు స్వెట్టర్లును మేజోళ్ళును అల్లి పంపిరి. ఒక రాజ్యము తన సైన్యమునకు చేయవలసినపనిని ఇంటి ఆడవారి తీరిక వేళకు అప్పగించుట అప్పుడెవరికిని వింతగా తోచలేదు.

ఈ ఇండ్లలో మరియొక నియమముండెను. ఊలు ఖరీదైనది గనుక స్వెట్టరు ఏనాడును చివరి వస్త్రము కాదు. పెద్దవానికి పొట్టియైనదానిని విప్పి, ఆ ఊలును కుర్చీవీపునకు చుట్టి చిలుపగా చేసి, ఉతికి, వంకరలు పోవునట్లు బరువుకట్టి వ్రేలాడదీసి, మరల ఉండచుట్టి చిన్నవానికి అల్లుదురు. చాలనిచోట వేరురంగు పట్టీ వచ్చును. ఇట్లు ఒకే ఊలు ముగ్గురి ఒంటిమీదుగా నడచుట కద్దు. పిల్లవానికి అల్లునప్పుడు రెండేండ్లకు ముందుచూపుతో వదులుగా అల్లుట గృహలక్షణము. నేటి యువకులు ఫ్యాషనని తొడుగు వదులుస్వెట్టరును ఆనాటి పిల్లలు తప్పనిసరియై, చేతులు మడిచి, సిగ్గుపడుచు తొడిగిరి.

అయితే ఢిల్లీ ఇండ్లలో వాడుకయైన పద్ధతి క్రిందినుండి పైకి పోవునది. ముందు పల్లా, వెనుక పల్లా, రెండు చేతులు అని నాలుగు ముక్కలు వేర్వేరుగా అల్లుదురు. అంచుపట్టీకి 11 లేక 12 నంబరు సన్నని సలాయీలు, పైభాగమునకు 9 లేక 10 నంబరు లావువి. నంబరు పెరిగినకొలది సూది సన్నగిల్లుట పాత ఆంగ్లేయ లెక్క. ఒక వరుస సీధా, ఒక వరుస ఉల్టా. ముందుకు లాగిన ఉచ్చు సీధా, వెనుకకు లాగినది ఉల్టా. నాలుగు ముక్కలును పూర్తియైన పిమ్మట ఊలుతోనే కుట్టి, మెడపట్టీ ఎత్తుదురు. తొడిగి చూచుట అప్పటికిగాని కుదరదు. తప్పు బయటపడునప్పటికి పని ముగిసియుండును.

మెడనుండి దిగు పద్ధతి ఈ తప్పునకే విరుగుడు. ఇది పూర్వమును కొందరెరిగినదే యైనను, 1972లో అమెరికాలో బార్బరా వాకర్ ప్రకటించిన గ్రంథము దానిని శాస్త్రముగా నిలిపినది. అంతకు ముందటి యేడు ఎలిజబెత్ జిమ్మర్మాన్ వెలువరించిన పుస్తకమును ఇచ్చట తలపవలెను. ఆమెది క్రిందినుండి పైకి పోవు మార్గమే. కాని పరుల నమూనాలను గ్రుడ్డిగా అనుసరింపక ఎవరి కొలతను వారే లెక్కకట్టుకొనవలెనని ఆమె బోధించెను. ఇరువురును కుట్లను తగ్గించిరి, అల్లువారి బుద్ధిపై భారము వేసిరి.

ఆ లెక్క ఎట్టిదో చూచుట మేలు. మొదట అరచేతివెడల్పు నమూనా ముక్క అల్లి, పది సెంటీమీటర్లలో ఎన్ని ఉచ్చులు వచ్చునో చూడవలెను. 20 ఉచ్చులు, 28 వరుసలు వచ్చినవనుకొందము. రెండుసూదులను మెత్తని తీగతో కలిపిన గుండ్రసూదిపై మెడకు 100 ఉచ్చులు ఎత్తుదురు. వానిలో ముందునకు 34, వెనుకకు 34, ఒక్కొక్క చేతికి 16. ఈ నాలుగు భాగములు కలియు నాలుగు గీతలే రాగ్లన్ గీతలు. వరుస విడిచి వరుసకు ప్రతి గీతకు ఇరువైపుల ఒక్కొక్క ఉచ్చు పెంచుదురు; అనగా ఒక్కమారునకు ఎనిమిది. ఇట్లు 40 మార్లు పెంచి 80 వరుసలు దిగునప్పటికి మొత్తము 420 ఉచ్చులగును. లోతు సుమారు 28 సెంటీమీటర్లు. అప్పుడు చేతుల ఉచ్చులను, ఒక్కొక్క ప్రక్క 96 చొప్పున, వేరొక దారముపైకి జార్చి విడిచిపెట్టుదురు. చంకలక్రింద చెరి ఆరు క్రొత్త ఉచ్చులు చేర్చి ముందు వెనుక భాగములను కలుపగా 240 అగును. ఛాతీచుట్టు 120 సెంటీమీటర్లు. సన్ననివానికి చాల వదులు, కోరినదియు అదే. ఇక నడుమువరకు చుట్టు చుట్టుగా దిగుటయే. తరువాత దారముపై వేచియున్న చేతులను మరల సూదిపై ఎక్కించి, మణికట్టువైపు క్రమముగా తగ్గించుచు పోవుదురు. కుట్టు అనునది ఎచ్చటను లేదు. ఏ వరుసవద్దనైనను తలదూర్చి తొడిగి చూడవచ్చును.

వినుటకు సులభము. జడ చేరగానే చిక్కులు మొదలగును. జడయనగా ఉచ్చులు తమ చోట్లు మార్చుకొనుట. ఆరు ఉచ్చుల పాయలో మొదటి మూడింటిని చిన్న విడిసూదిపై ముందుకుగాని వెనుకకుగాని ఆపి, తరువాతి మూడింటిని మొదట అల్లి, ఆపినవానిని పిదప అల్లుదురు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు దాటును. ఇరుప్రక్కల ఉల్టా ఉచ్చులుండుటచే పాయ పైకి ఉబుకును. తల్లి కూతురికి జడవేయునప్పుడు పాయపై పాయ వేయుటకును దీనికిని రీతి ఒక్కటే. అయితే జడ వేసినకొలది బట్ట లోనికి ముడుచుకొనును. సాదా అల్లికలో 20 వచ్చినచోట జడలలో 26 వచ్చినచో, ఆ 120 సెంటీమీటర్లకు 240 చాలవు, 312 కావలెను. ఊలును ఆ మేరకు పెరుగును. అంతేకాక, మెడవద్ద వెడల్పు వరుసవరుసకు పెరుగుచుండగా క్రొత్తగా పుట్టిన ఉచ్చులు ఏ జడలో చేరవలెనో, ఎప్పుడు చేరవలెనో ముందే యోచింపవలెను. ఆరు కూడకముందే దాటించినచో జడ చెడును. ఊలు బరువు మరియొక సమస్య. పెద్దస్వెట్టరు తన బరువునకు తానే క్రిందికి సాగును; నేడు సరిపోయిన పొడవు పదిదినములకు పిరుదులు దాటవచ్చును. అనుభవశాలురు రెండు మూడు సెంటీమీటర్లు కురుచగనే ఆపుదురు.

ఈ జడల స్వెట్టరునకు పుట్టిల్లుగా లోకము చెప్పునది ఐర్లండు పడమట, గాల్వే అఖాతపు ముఖమున నున్న అరన్ దీవులు. దానితోపాటు ఒక కథయు చెప్పుదురు: ప్రతి కుటుంబమునకు ఒక అల్లిక యుండెననియు, సముద్రమున మునిగిన జాలరి శవమును ఆ అల్లికనుబట్టి గుర్తించుచుండిరనియు. కథ అందమైనదే, నిజము కాదు. 1904లో ప్రదర్శింపబడిన సింజ్ నాటకమున ఒక చెల్లెలు మునిగిపోయిన అన్నను గుర్తించును. స్వెట్టరునుబట్టి కాదు, మేజోటినిబట్టి. వంశచిహ్నమునుబట్టి కాదు, తాను ఎత్తిన ఉచ్చుల సంఖ్యనుబట్టి, తాను జారవిడిచిన ఉచ్చులనుబట్టి. కథ ఆ నాటకపు నీడనుండి పెరిగియుండును. హైంట్స్ కీవె యను ఊలువర్తకుడు ఈ జడలలో ప్రాచీన మతచిహ్నములు కలవని 1967లో ఒక గ్రంథమే వ్రాసెను. రిచర్డ్ రట్ 1987లో ప్రకటించిన చేతిఅల్లిక చరిత్రలో దానిని ఖండించెను. నిజమునకు అరన్ స్వెట్టరు 19వ శతాబ్ది తుదినుండి 20వ శతాబ్ది తొలిభాగమువరకు రూపొందినది. 1891లో ఏర్పడిన ప్రభుత్వసంస్థ ఒకటి బీద తీరప్రాంతములందు పరిశ్రమలను ప్రోత్సహింపసాగిన కాలమది. ఆ దీవుల స్త్రీలు నాలుగు డబ్బులకై అల్లిరి, ఒకరినిచూచి ఒకరు మెరుగుపరచిరి. ఇందు తక్కువతనమేమున్నది? వేయియేండ్ల మునుల రహస్యమనినచో కొనువారికి పులకరింత. బీద స్త్రీ తన బుద్ధితో కల్పించినదనినచో వెల తగ్గును కాబోలు! నరసాపురమున తీరిక యను పేరుతో జరిగినదే, అరన్‌లో ప్రాచీనత యను పేరుతో జరిగినది. కల్పించినవారు రెండుచోట్లను మరుగుననే యున్నారు.

ఢిల్లీలో సూదుల చప్పుడు సన్నగిల్లుటకు లూధియానా ముఖ్యకారణము. 1833 నాటి కరవున కాశ్మీరమునుండి వలసవచ్చిన శాలువనేతగాండ్రతో అక్కడ ఉన్నిపని బలపడినది. తరువాత అల్లికయంత్రములు వచ్చి అది దేశమునకే స్వెట్టరుల ఊరైనది. విలియం లీ యంత్రపు సంతతి రాణి భయపడినపనిని ఆలస్యముగనైనను చేసినది. 1959 తరువాత శరణార్థులై వచ్చిన టిబెట్టువారికి చలికాలపు స్వెట్టరులమ్మకము బ్రదుకుదెరువైనది. మొదట చేతితో అల్లినవి, రానురాను లూధియానా సరకు తెచ్చి ఊరూర బారులుతీర్చిరి. విజయవాడలో, విశాఖపట్టణమున, హైదరాబాదులో కార్తికము దాటగానే వెలయు ఆ అంగళ్ళను తెలుగువారు ఎరుగుదురు. ఢిల్లీకి చదువుకొనబోవు పిల్లవాని మొదటి స్వెట్టరు చాలమారులు అక్కడిదే. ఆక్రిలిక్ నూలు చవుకగా వచ్చుటతో విప్పి మరల అల్లు అలవాటుకూడ పోయినది.

యంత్రమును నిందించుటకన్న లెక్క చూచుట న్యాయము. పైన చెప్పిన స్వెట్టరును జడలులేక సాదాగా అల్లినచో మెడనుండి చంకవరకు 80 వరుసలు, సగటున 260 చొప్పున, 20,800 ఉచ్చులు. చంకనుండి నడుమువరకు 112 వరుసలు, 240 చొప్పున 26,880. రెండుచేతులకు సుమారు 18,000. మొత్తము 65,000 పైచిలుకు. నిమిషమునకు ఇరువది చొప్పున, చేయి ఆగక సాగినను 54 గంటలు. జడలకు, పట్టీలకు, విప్పి మరల అల్లినదానికి వేరే. ఎనిమిదిగంటల పనిదినములుగా లెక్కించినచో ఇది వారము దాటినపని. ఈ గంటలకు సాధారణ కూలి కట్టి అమ్మజూపినచో కొనువాడు దొరకుట కష్టము. కట్టకున్నచో అల్లినవారికి మిగులునది పొగడ్త. అందుచేతనే చేతిస్వెట్టరు అంగడిలో నిలువలేక, కానుకగా మాత్రము నిలిచినది. కానుకకు వెల యడుగరాదన్నది మర్యాదయే. వెలలేనిపనియను మాట మాత్రము ఆ మర్యాద చాటుననే దాగినది.

ఇప్పుడు బేర్ సరాయ్ వంటిచోట్ల అల్లువారు వేరు. నులకమంచములపై అల్లిన ముసలమ్మలు తగ్గిరి. చేతిఫోనులో చిత్రము చూచి నేర్చుకొను విద్యార్థినులు, అరుదుగా విద్యార్థులు, గుండ్రసూది పట్టుచున్నారు. వారికి ముందు పల్లా, వెనుక పల్లా తెలియవు, మెడవద్దనే మొదలుపెట్టుదురు. చేయువారును తొడుగువారును తామే యగుటచే కానుకయను పేరును అక్కరలేదు. గంటలు తమవి, స్వెట్టరు తమది. పరీక్షల ఒత్తిడి హెచ్చినప్పుడు పని నిలిచిపోవును. చేతుల ఉచ్చులు రంగుదారముపై వేచియుండును. అల్లిక చివరి వరుసవైపునుండియే విడిపోవును గనుక మెడనుండి దిగిన స్వెట్టరునకు అంచు ఎప్పుడైనను విప్పి పొడవు పెంచుకొనవచ్చును. క్రిందినుండి అల్లినదానికి ఆ వీలు లేదు. అందుచే తొందరలేదు. మాఘము గడచి, ఎండ చురుక్కుమని, హోళీ రంగులు గోడలపై పడునప్పటికి సగమైన స్వెట్టరును వేపాకులతో పెట్టెలో పెట్టుదురు. అప్పటికి ఒక చేయి పూర్తియై, రెండవది మోచేతివద్ద ఆగియుండును.